రీలు మారినప్పుడల్లా దీపాలు

మొన్న మధ్యాహ్నం చాటలో పప్పు ఏరుకుంటూ టీవీ పెడితే, భార్య ఉండగా మరొకామె దగ్గరికి వెళ్లే మొగుడి కథతో ఏదో పాత నలుపు తెలుపు సినిమా వస్తోంది. మన ఈడువాళ్లలో కూడా దాన్ని చూసినవాళ్లు అరుదేమో గానీ, నేను నాలుగు నిమిషాలకే గుర్తుపట్టి చాట పక్కన పెట్టేశాను.

అరవైల చివర్లో, నరసన్నపేట దగ్గరి పల్లెకు నేను కొత్తకోడలిగా వచ్చిన ఏడాది అది. మా పెద్ద తోడికోడల్ని అక్కా అనేదాన్ని. వీధి చివర కుట్టుమిషను పెట్టుకుని ఒంటరిగా బతికే ఒకామె ఇంటికి బావగారు వెళ్తున్నారని ఊరంతటికీ తెలుసు. అక్క ఊఁ అంటే చాలు, ఆమెను ఊరు దాటించేస్తామని పెద్దలు కబురు చేశారు. తెల్లారితే పంచాయితీ అనగా, కాస్త మనసు మళ్లుతుందని నేనే అక్కను టూరింగు టాకీసులో మొదటాటకు లాక్కుపోయాను. ఏ బొమ్మ ఆడుతోందో కనుక్కోని నా తెలివిని ఏమనాలి.

ఆ డేరాలో ప్రొజెక్టరు ఒక్కటే కావడంతో రీలు మార్చినప్పుడల్లా దీపాలు వేసేవారు, మేమంతా గబగబా కళ్లు తుడుచుకునేవాళ్లం. సినిమాలో ఆ రెండో ఆమె నూతిలో దూకగానే రీలు అయిపోయింది. దీపాల వెలుగులో మా ఊరి ఆడవాళ్లందరూ పీడ విరగడైందన్నట్టు అక్క వైపు చూశారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ అలాగే చూశాను. అక్క మాత్రం వెనక్కి తిరిగి ఉంది. అక్కడ డేరా గుడ్డ వారగా, నోట్లో కొంగు కుక్కుకుని ఆ కుట్టుమిషనామె ఏడుస్తోంది. దీపాలు ఆరేదాకా అక్క చూపు తిప్పలేదు. ఆ తర్వాతి రీలులో మొగుడు ఇల్లు చేరితే, భార్య పీట వేసి అన్నం వడ్డించింది.

ఇంటికి నడిచొస్తుంటే ఒక్కటే అడిగింది.

“ఏటే సెల్లీ, తప్పు ఇద్దరిదైతే, దాన్ని నూతిలోకి తోసేసి ఆడికి అన్నం ఎట్టినారేటి?”

మర్నాడు పంచాయితీలో అక్క తలుపు దగ్గర నిలబడి, “పంపితే ఇద్దర్నీ పంపండి, లేపోతే ఇద్దర్నీ ఉండనీండి” అనేసి లోపలికి వెళ్లిపోయింది. పెద్దలు కండువాలు దులుపుకుని లేచారు. బావగారు మళ్లీ ఆ కుట్టుమిషనామె గడప తొక్కలేదు. అక్క ఆయనకు వేళకు వడ్డించేది గానీ, చాలా ఏళ్లు పలకరించింది లేదు. నా కూతుళ్ల గౌన్లన్నీ ఆ మిషను మీద కుట్టినవే, కొలతలకు చేయి పట్టుకుని తీసుకెళ్లింది అక్కే.

అక్క పోయి చాన్నాళ్లయింది. మొన్న టీవీలో ఆ రెండో ఆమె నూతిలో దూకగానే సబ్బుల ప్రకటన వచ్చింది. ఇంట్లో ఎవరి గదిలో వాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. ఈసారి నాకు ఏడుపొచ్చింది ఆ దూకినామె కోసమే. పాత అలవాటుగా గబగబా కళ్లు తుడుచుకోబోయాను గానీ, ఇప్పుడు దీపాలు వేసేదెవరు, వెనక్కి తిరిగి చూసేదెవరు.