ట్రైలర్‌లో తలుపు దగ్గర బరువు

2009 వేసవిలో సన్నీవేల్ నుంచి బాతెల్‌కి ఇల్లు మారుతూ మా కారుకి చిన్న అద్దె ట్రైలర్ తగిలించుకున్నాం. బరువైనవి ముందువైపు సర్దమని, వెనక బరువుంటే ట్రైలర్ ఊగుతుందని, ఊగితే బ్రేక్ తొక్కొద్దని అద్దెకిచ్చినావిడ రెండుసార్లు చెప్పింది. దించడం తేలికని మావారు పుస్తకాల పెట్టెలు, గ్రైండర్ వెనక తలుపు దగ్గరే పెట్టారు.

కొండ దిగుతుంటే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతూ కారుని లాగేసింది. వెనక సీట్లో పాప కెవ్వుమంది.

"బ్రేక్ వద్దు! గ్యాస్ పెడల్ మీంచి కాలు తియ్యండి, స్టీరింగ్ తిప్పకండి!" అని అరిచాను. మెల్లగా ఊపు తగ్గింది.

హైవే పక్కన రెస్ట్ ఏరియాలో ఆపి, "ఏం కాలేదుగా" అన్నారు మావారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పాపకేమన్నా అయ్యుంటే ఇదే మాట అనేవారా? అన్నీ దించండి."

ఎండలో ఒక్కరే అన్నీ దించి మళ్ళీ సర్దారు. నేను చెయ్యి వెయ్యలేదు. మిగతా దారంతా నేనే నడిపాను.