నవలలో బతికే ఉన్నాడు

ఈ రోజు పొద్దున ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా ఆఫీసుకు వెళ్లాను. మా వైపు పల్లెల మీద వచ్చిన ఒక పాత నవలను మూడోసారి సినిమాగా తీస్తున్నారు. కథ నవల దాటి పోకుండా చూసిపెడితే మాటలు రాసే పని నాకే ఇస్తామన్నారు. సినిమాల్లో నాకు అదే మొదటి పని. అందుకని వారం రోజులు నవల మళ్లీ చదివి, సంచిలో వేసుకుని వెళ్లాను.

గదిలో అప్పటికే వాదన నడుస్తోంది. మొదటి సినిమాలో హీరో వాగులో కొట్టుకుపోయి చనిపోతాడు. రెండో సినిమాలో రైలు కింద పడతాడు. ఈ రెండింటిలో ఏది నవలకు దగ్గరని దర్శకుడు నన్ను అడిగాడు.

"నవలలో అసలు చనిపోడండీ. చివర్లో అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటుంటాడు," అన్నాను.

దర్శకుడు పుస్తకం తీసుకుని చివరి పేజీ చూశాడు. తర్వాత అట్ట తిప్పి చూశాడు. "వెనక పేజీలేమైనా ఊడిపోయాయా?" అన్నాడు.

"పల్లీలు ఒలిచేటోన్ని చూడనీకి టికెట్ ఎవరు కొంటరన్నా?" అన్నాడు అసిస్టెంట్.

దర్శకుడు లేచి తలుపు వేసి వచ్చాడు. "ఈ మాట ప్రొడ్యూసర్ గారి దగ్గర అనకండి సార్. హీరోని బతికిస్తే, నవలను పాడుచేశామని జనం తిడతారు."

పుస్తకం వాళ్లే ఉంచుకున్నారు. పని సంగతి కబురు చేస్తామన్నారు. బస్సులో వస్తుంటే నాకే అనుమానం మొదలైంది. మీలో ఆ నవల చదివినవాళ్లుంటే చెప్పండి, అతను బతికే ఉన్నాడు కదా?