జీపుకి జాలీలు బిగించిన దసరా

పోయిన వారం గుంటూరులో నా బండికి హెడ్‌లైట్ల ముందు ఇనుప జాలీలు బిగించుకున్నాను. విత్తనాల కంపెనీ పని మీద పత్తిచేల మధ్య, మిరపతోటల గట్ల వెంట తిరిగే బండి అది. కంప గీరుకునీ, ముందుపోయే ట్రాక్టరు లేపిన రాళ్ళు తగిలీ అద్దాలు నిలవడం లేదు. డ్రిల్లింగు మిషను కింద వేడెక్కిన ఇనప్పొడి వాసన, కొత్త నల్లరంగు వాసన, ఆ ఊరి గాలిలో ఎప్పుడూ ఉండే మిరపఘాటు కలిసి ముక్కుకు తగిలేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఘాటెక్కువైందా మేడం అని మెకానిక్కు అడిగితే అవునన్నాను.

మా ఊరిది నల్లరేగడి. వానపడితే చెప్పులు మట్టిలోనే ఉండిపోయి కాళ్ళు మాత్రమే పైకొచ్చే నేల. కోతలప్పుడు కళ్ళంలో ఎర్రగా పరిచిన కాయల మీదుగా గాలి మళ్ళిందంటే నాయనమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆ గాలిని, మనిషిని పేరుపెట్టి తిట్టినట్టే తిట్టేది. పత్తి తీతలొస్తే వసారా నిండా దూది బోరాలు, వాటి మీద పడి దొర్లి జుట్టంతా తెల్లగా చేసుకుని నాయనమ్మలా వంగి నడిచే నేనూ వీధిపిల్లలూ, చలిపొద్దున చేలో మంటేసి కాల్చుకు తిన్న కందికాయలు, మూతికంటిన మసి. ఇవన్నీ నాకు నాన్న జీపుతో కలిసే గుర్తు. దానికి తలుపుల్లేవు, పై గుడ్డ చిరుగులు పడింది, హారను నొక్కితే దున్నపోతు దగ్గినట్టుండేది. అయినా అది వెళ్ళలేని డొంక లేదు. ముందు సీటు నాది. నేనొక్కదాన్నే పిల్లని కాబట్టి దానికి పోటీ వచ్చేవాళ్ళూ లేరు.

"నీ కాళ్ళు పెడళ్ళకి అందిన రోజున స్టీరింగు నీదే అమ్మడూ" అనేవాడు నాన్న. ఇంట్లో అందరూ మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు నేను జీపెక్కి, సీటు అంచుకి జారి, కాళ్ళు చాపి చూసుకునేదాన్ని. నాకు పదేళ్ళొచ్చిన ఏడాది ఎడమకాలి బొటనవేలు క్లచ్చుకి తగిలింది. ఇంకాస్త ఎదిగితే చాలు.

ఆ ఏడాది దసరా ముందు తుమ్మకొమ్మ కొట్టి జీపు లైటు ఒకటి పగిలింది. నాన్న కొత్త లైటు వేయించి, రెండు లైట్లకీ జాలీలు పెడదామన్నాడు. అరుగు మీద సుద్దముక్కతో కడ్డీలు గీసి, నా చెయ్యి పట్టుకుని గీతల మధ్య పెట్టాడు. మంచుకి తడిసిన అద్దం మీద దుమ్ము అట్టకడుతుంది, తుడవాలంటే ప్రతిసారీ జాలీ విప్పలేం, అందుకని సందు నా చెయ్యి పట్టేంత ఉండాలన్నాడు. వెల్డింగు చేయించుకొచ్చాక బిగింపు మా వాకిట్లోనే జరిగింది. జాలీ గడగడలాడకుండా కింద పెట్టడానికి పాత సైకిల్ ట్యూబు ముక్కలు కత్తిరించింది నేను, నట్లు అందించింది నేను, రంగు వేసింది నేను. నాన్న నా తల నిమిరి, నువ్వు లేకపోతే ఈ పని అయ్యేది కాదన్నాడు. నేను పొంగిపోయాను.

మా వైపు బండికి ఏది కొత్తగా చేయించినా పెదకాకాని తీసుకెళ్ళి శివాలయంలో పూజ చేయించాల్సిందే. పండగ వెళ్ళాక ఒకరోజు అమ్మ తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపింది, గారెలు వేసింది, చక్కెరపొంగలి గిన్నెకి గుడ్డ కట్టింది. ఇంత ఎవరు తింటారంటే చీరాల నుంచి అత్తయ్యావాళ్ళూ వస్తున్నారంది. అత్తయ్య, మామయ్య, అప్పుడప్పుడే మీసాలొస్తున్న బావ గుడి దగ్గర మాకోసం చూస్తున్నారు. బావ అప్పుడు కాలేజీలో చదువుతున్నాడు. నేను పట్టుపరికిణీతో జీపు దిగి, జాలీలకి పసుపు రాసి, కుంకుమ పెట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పంతులుగారు గోత్రం, పేరు చెప్పమన్నారు. అందరికన్నా ముందు నేనే మా గోత్రం గట్టిగా చెప్పి, నాన్న పేరు, దాని వెనకే నా పేరూ చెప్పాను.

"అది కాదండీ పంతులుగారూ" అన్నాడు నాన్న. "బండి ఇప్పుడు మా మేనల్లుడిది. వాళ్ళ గోత్రం చెప్పండి."

మామయ్య ముందుకొచ్చి వాళ్ళ గోత్రం చెప్పాడు. బావ పేరున పూజ జరిగింది. నేను నాన్న చొక్కా పట్టుకుని లాగాను. ఆయన వంగి, మెల్లగానే, "ఆడపిల్లవి, నీకెందుకమ్మా జీపు? వాడికైతే పొలాల మీద పనికొస్తుంది" అన్నాడు. బావ స్టీరింగు ముందు కూర్చుని, నిమ్మకాయలు తొక్కించి చీరాల దారి పట్టాడు. అత్తయ్య వెనక సీట్లోంచి చెయ్యి ఊపింది. నేను కూర్చునే చోట మామయ్య కూర్చున్నాడు.

మేం బస్సులో వచ్చాం. ఏడుస్తుంటే అమ్మ దగ్గరకి తీసుకుని, ఊరుకో, మీ నాన్న వినాయకచవితికే మీ అత్తయ్యకి మాటిచ్చేశారు, నీకు చెబితే గొడవ చేస్తావని చెప్పలేదంది. నన్ను ఓదారుద్దామనే అంది పాపం. వినాయకచవితికే! అంటే నా చెయ్యి పట్టుకుని సుద్దగీతల మధ్య కొలిచేటప్పటికే అది నాది కాదు. ఇంట్లో నాయనమ్మతో సహా అందరికీ తెలుసు. జీపు పోయినందుకు కొన్నాళ్ళే ఏడ్చాను. ఆ కొలత కొలిచినందుకు మాత్రం నాన్న మీద కోపం ఇప్పటికీ పోలేదు.

మొన్న ఆదివారం నాన్నని నా బండిలో పొలానికి తీసుకెళ్ళాను. చీరాలలో ఆ జీపు తుప్పుపట్టి ఎప్పుడో తుక్కులోకి పోయింది. మా డొంకకి సిమెంటు రోడ్డొచ్చింది, ఊళ్ళో కందికాయలు కాల్చుకునే పిల్లల్లేరు, కళ్ళాలున్న చోట ఇళ్ళ ప్లాట్లకి రాళ్ళు పాతారు. నాన్న అవన్నీ చూపిస్తూ, ఎవరి చేను ఎవరి చేతికి పోయిందో చెబుతూ కూర్చున్నాడు. గతుకుల దారిలోకి తిప్పి గట్టెక్కించాక నా వైపు మెచ్చుకోలుగా చూశాడు.

"బాగా తోలుతున్నావే అమ్మడూ. ఎక్కడ నేర్చుకున్నావు?"

గుంటూరులో, డ్రైవింగు స్కూల్లో అన్నాను.

"దానికి స్కూలెందుకమ్మా? నన్నడిగితే నేనే నేర్పేవాణ్ణిగా" అన్నాడు.

వేళాకోళమేమోనని ఆయన మొహంలోకి చూశాను. కాదు, నిజంగానే అన్నాడు.