చూడకుండా రాయని కరుణమ్మ గారు

కరుణమ్మ గారు పోయారన్న మాట నాకు మల్కాపురం చేపల బజారులో తెలిసింది. పక్కబుట్ట అచ్చియ్యమ్మ చెప్పింది.

"పైడమ్మా, మీ ఆసుపత్రి అమ్మగోరు పోనారంట."

నా చేతిలో కత్తి ఆగిపోయింది.

"నువ్వు సూసావేటి?"

"నాను సూడ్నేదు. బస్సులో ఎవులో అనుకుంతన్నారు."

"అయితే పోనేదు. సూడకుండా సెప్పకు."

ఆ మాట నాది కాదు, కరుణమ్మ గారిదే. బుట్ట అచ్చియ్యమ్మకి అప్పజెప్పి బస్సెక్కాను. దారంతా ఇదెవరో పుట్టించిన అబద్ధమే అనుకున్నాను. నేను పోయానని కూడా ఒకప్పుడు పుట్టించారు. కానీ కరుణమ్మ గారింటి ముందు షామియానా వేసి ఉంది. ఆవిడ తెల్లచీరలో, పెట్టెలో పడుకుని ఉన్నారు. పచ్చకామెర్లట. పాదాలు పట్టుకుని చూశాను. చల్లగా ఉన్నాయి. నా కళ్ళతో చూశాను కాబట్టి రాస్తున్నాను. కరుణమ్మ గారు పోయారు.

ఈ చర్చి పత్రికలో అక్క గురించి రాయమని ఆవిడ తమ్ముడుగారు అడిగారు. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, మీ చర్చి మనిషిని కూడా కాదు. పెద్ద చదువుల వాళ్ళు బోలెడంతమంది ఉన్నారు, వాళ్ళని అడగండి అన్నాను. "వాళ్ళకి అక్క ఆదివారాలే తెలుసు. శనివారాలు తెలిసింది నీకే" అన్నారు. తప్పులుంటే మన్నించాలి.

శనివారాల సంగతి చెప్తాను. ఆవిడ ఆసుపత్రిలో కేన్సరు వార్డుకి రికార్డు గుమాస్తా. అక్కణ్ణుంచి మూడు నెలలకోసారి పైకి రిపోర్టు వెళ్ళేది. కొత్తగా వచ్చిన రోగులెందరు, వైద్యం అయ్యాక బతికున్నవాళ్ళెందరు, పోయినవాళ్ళెందరు, కబురు తెలియనివాళ్ళెందరు. ఏ మందు పనిచేస్తోందో, ఎక్కడ మిషన్లు పెట్టాలో పైవాళ్ళు దాన్ని చూసే తేలుస్తారట. రావడం మానేసినవాళ్ళకి ఆఫీసు ఒక కార్డు రాసి ఊరుకునేది. కరుణమ్మ గారు ఊరుకునేవారు కాదు. శనివారం ఆఫీసు మూసేశాక గొడుగు పట్టుకుని మల్కాపురం వచ్చేవారు, గాజువాక వెళ్ళేవారు, పరవాడ పల్లెల్లో పొలంగట్ల మీద నడిచేవారు. "కార్డుకి కళ్ళుండవే. ఎవులు ఏటి సెప్తే అదే మోసుకొత్తాది" అనేవారు.

ఉక్కు ఫ్యాక్టరీకి భూములు తీసుకుంటున్న రోజుల్లో నాకు అంగిట్లో పుండు లేచింది. మా వైపు ఆడవాళ్ళం అడ్డపొగ వేస్తాం. అంటే చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తాం. గాలికి ఆరదు, రెండు చేతులా పని చేసుకోవచ్చు. మా అమ్మ అంతే, మా అత్త అంతే. ఆసుపత్రిలో పుండుకి కరెంటు పెట్టడం మొదలెట్టారు. రేడియేషన్‌ని మేం కరెంటే అంటాం. సగంలో ఉండగా చెంప నల్లబడింది. "ఏటే ఆ మచ్చ?" అని బజారులో అడగడం మొదలైంది. ఆ రోగం అంటుకుంటుందని అందరూ నమ్మే రోజులు. తెలిస్తే నా చేత్తో కోసిన చేప ఒక్కరు కొనరు. మా ఆయనది పోర్టులో కళాసీ పని, ఓడ ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఇల్లు నడిచేది నా బుట్టతోనే.

ఆసుపత్రి మానేశాను. కార్డు వచ్చింది. మా అత్త ఎవరిచేతో జవాబు రాయించేసింది, పైడమ్మ చచ్చిపోయింది, ఇంక కార్డులు పంపొద్దని. ఆమెది చెడ్డబుద్ధి కాదు. పోస్టుమేను కార్డు వీధంతా చదివేస్తాడని భయం.

ఆ శనివారమే కరుణమ్మ గారు మా ఇంటికి వచ్చారు. నన్ను తడిక వెనక్కి తోసేసి అత్త అరుగు మీద కూర్చుంది.

"మా కోడలు సచ్చిపోనాదమ్మా. కార్డు రాయించీనాం గదా."

"అయ్యో! ఎప్పుడు మామ్మా?"

"పోయిన్నెల్లో."

"మరి మీ అబ్బాయి గుండు సేయించుకోనేదేటి?"

మా ఆయన తల తడుముకున్నాడు. "సేయించుకున్నానండి. పెరిగిపోనాది."

"బలే ఎరువేసావు నాయనా. మరి పెద్దకార్యం ఎప్పుడు సేసేరు? నాకు కబురెట్నేదేటి?"

లోపల నాకు భయమేసింది. భయమేస్తే చుట్ట ముట్టించడం అలవాటు. నిప్పు లోపలికి పెట్టి నోరు మూసుకున్నాను. నోరు మూస్తే పొగ ముక్కులోంచి వస్తుంది కదా. తడిక మీదుగా పైకి లేచింది.

కరుణమ్మ గారు తలెత్తి దానికేసి చూశారు.

"మామ్మా, సచ్చిన మనిసి సుట్ట కాలుత్తన్నాది."

మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. అత్త కొడుకు వీపు మీద ఒక్కటిచ్చింది. నేను బయటికొచ్చి నిలబడ్డాను.

"ముందు ఆ నిప్పు ఉమ్మీ" అన్నారు. ఉమ్మేశాను. ఆ రోజే చుట్ట మానేశానని రాస్తే పైనుంచి ఆవిడే కొట్టేస్తారు. మానడానికి చాలాకాలం పట్టింది.

"నాను రానమ్మా. తెలిసిపోతే నా సేపలు ఎవులు కొంతారు?"

"రాకపోతే మానీ. బతికున్నాదని రాసుకుంతాను. వచ్చే నెల మల్లీ వచ్చి సూత్తాను. ఆ పై నెల మల్లీ వత్తాను. నువ్వు నిజంగా సచ్చిపోయీదాకా వత్తాను. అప్పుడే పోయినోల్ల గడిలో రాత్తాను."

ఓదార్పుగా ఒక్క మాటా అనలేదు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు చర్చి నుంచి తిన్నగా మా బజారుకొచ్చారు, చర్చి చీరలోనే. నడిమధ్యన నిలబడి ఒక్క కేక పెట్టారు.

"కేన్సరుకి కరెంటెట్టించుకున్న పైడమ్మ బుట్ట ఏదర్రా?"

భూమి చీలితే దూరిపోదును. బజారంతా నాకేసి తిరిగింది. ఆవిడ నా ముందు గొంతుక్కూర్చుని కానాగంత చేపల మొప్పలు ఎత్తి చూసి, "ఎలగిత్తన్నావే?" అన్నారు. చెప్పాను. "రోగమొచ్చినా రేటు తగ్గించవేటే!" అని మరీ బేరమాడారు. అచ్చియ్యమ్మ ఉండబట్టలేక అడిగింది.

"అమ్మగోరూ, ఆ సేతి సేపలు తింతారేటి? అంటుకోదా?"

"రోజూ ఆల్ల మజ్జినే కూకుంతన్నాను. నాకంటుకుంటే నీకు సెప్పే పోతాన్లే."

ఆ వారం నా బుట్ట ఇంకెవరూ ముట్టుకోలేదు. రెండో ఆదివారం ఆవిడ మళ్ళీ వచ్చి, పోయినవారం కానాగంతలు బాగున్నాయని అందరికీ వినబడేలా చెప్పి, మళ్ళీ కొన్నారు. ఆ తర్వాత ఆదివారం అచ్చియ్యమ్మే కూరకి నాలుగు ఇమ్మంది. సోమవారం నేను ఆసుపత్రికి బస్సెక్కాను.

కరుణమ్మ గారు నన్ను డాక్టరు దగ్గరికంటే ముందు ఆఫీసులోకి తీసుకెళ్ళారు. పెద్ద గుమాస్తా కాయితాలు తిరగేసి, "పైడమ్మా? చనిపోయినట్టు కార్డు వచ్చిందే. పోయినవాళ్ళ లెక్కలో నేనే వేయించాను" అన్నాడు.

"ఇదిగో, మీ ఎదురుగా నిలబడి ఉంది."

"రిపోర్టు పైకి వెళ్ళిపోయింది కరుణమ్మ గారూ. వచ్చే రిపోర్టులో చూద్దాం."

"అందాకా ఈవిడ చచ్చి ఉండాలా?"

"ఒక్క మనిషి కోసం పంపిన రిపోర్టు మార్చమంటారా?"

"ఎంతమంది కోసమైతే మారుస్తారో చెప్పండి. తీసుకొస్తాను."

ఆయన మొహం ఎర్రబడింది. ఆవిడ కదల్లేదు. నన్నూ కదలనివ్వలేదు. నా జబ్బ పట్టుకుని నిలబెట్టారు. సవరణ కాయితం టైపయి, సంతకమయి, కవరులో పడ్డాకే నా జబ్బ వదిలారు.

దానికి ఫలితం దక్కింది. కొద్దిరోజులకి పెద్ద గుమాస్తా ఆవిడ కుర్చీ, బల్ల మరుగుదొడ్ల పక్క వరండాలోకి జరిపించేశాడు. నేను ఏడిస్తే నన్నే తిట్టారు. "ఏడుత్తావేటే? ఇక్కడైతే రోగులు లోనకొచ్చినప్పుడే నాకు కనబడతారు." చివరిదాకా అక్కడే పనిచేశారు. కోపిష్ఠి మనిషి. మందు సరిగ్గా మింగకపోతే నలుగురిలో పరువు తీసేవారు. చేప తలకాయలంటే ప్రాణం. ఊరికే ఇస్తే పుచ్చుకోరు, బేరం మాత్రం మానరు.

నా పుండు మానింది. ఇప్పటికీ కారం తినలేను, అంతే. అప్పుడు పొలాలుగా ఉన్నచోట ఇప్పుడు ఉక్కునగరం క్వార్టర్లు లేచాయి. అక్కడివాళ్ళూ నా దగ్గర చేపలు కొంటున్నారు.

ఆవిడ పోయాక ఆఫీసు నుంచి నాకు కార్డు వచ్చింది. క్షేమ సమాచారం తెలియజేయమని అచ్చులో ఉంది. కరుణమ్మ గారి కుర్చీలో ఇంకా ఎవరినీ వేయలేదట. శనివారాలు ఎవరూ ఏ ఇంటికీ వెళ్ళడం లేదట. ఆవిడ లాంటి మనిషి మళ్ళీ దొరకరని నాకు తెలుసు. కానీ దొరకరు కదా అని తలుపులు కొట్టడం మానేస్తే నేను ఒప్పుకోను.

మా అత్త అడిగింది, "ఈసారి బతికున్నాదని రాయించీమంతావేటి?" అని.

వద్దన్నాను. రాయడం నాకే వచ్చు, ఇంత రాశాను కదా. ఆ కార్డుకి మాత్రం జవాబు రాయను. ఆఫీసువాళ్ళు ఎవరైనా ఈ పత్రిక చదివితే గుర్తుపెట్టుకోండి. మల్కాపురం చేపల బజారు, ఐసు గది పక్కన రెండో బుట్ట నాది. పొద్దున్నే వచ్చి కూర్చుంటాను. చేపలు కొనక్కర్లేదు. వచ్చి నా మొహం చూసి, అప్పుడు రాసుకోండి.