వణికే చేతికి బెల్లం ముక్క

మా ముసలాయన మందు మానేశాక వానకాలం పోయింది, చలికాలమూ పోతోంది. చేతి వణుకు మాత్రం పోలేదు. నిద్ర సరిగా పట్టదు, చిన్న మాటకే విసుక్కుంటాడు. పైగా తీపి మీద ఎక్కడలేని ఆశ. బెల్లం డబ్బాను నేను బియ్యం డ్రమ్ములో దాచాను. లేకపోతే పండగ దాకా మిగలదు. తాగుడు మానినా దాని బాధ ఒంట్లోంచి నెమ్మదిగా పోతుందని, కొందరికి నెలలు పడుతుందని డాక్టరు చెప్పాడు.

ఆయనది పోగులు అతికే పని. సాంచా అంటే కరెంటు మగ్గం. దాని మీద పడుగు నూలు చుట్టిన పాత బీము అయిపోయి కొత్తది ఎక్కినప్పుడు, వేళ్లకు బూడిద రాసుకుని, పాత పోగు కొసనూ కొత్త పోగు కొసనూ కలిపి మెలిపెట్టాలి. ఆ పనివాళ్లలో ఒక నమ్మకం ఉంది. బీము ముందు కూర్చోబోయే ముందు ఒక గుటక వేస్తే చెయ్యి కదలదట. ఆయన తాగుడు అక్కడే మొదలైంది. అందుకే మానేశాక ఆ పని జోలికి పోకుండా, ఇంట్లో నాతోపాటు కండెలకు నూలు చుడుతూ కూర్చున్నాడు.

మొన్న శాంతి నగర్‌లో సాంచాల కార్ఖానా ఉన్న సేటు, బీము అతకాలని కబురు పెట్టాడు. ఆయన బయలుదేరితే నేనూ చెప్పులు వేసుకున్నాను.

"నువ్వెందుకే?"

"పోగులు అందియ్యతందుకు."

"నన్ను కావలి కాయతందుకు అనరాదు."

"రెండూ చేస్త. కూలి ఒక్కదానికే తీసుకుంట."

కార్ఖానాలో మొదటి పోగులు మెలి నిలవక జారిపోయాయి. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారాయి. పక్క సాంచా నడిపే మా ఊరివైపు మనిషి చప్పుడులో గొంతు పెంచి అన్నాడు.

"అన్నా, గా నా సంచిల సీసా ఉన్నది. ఒక్క గుటక ఏస్కో. చెయ్యి అదే నిలుస్తది."

ఆయన సంచి వైపు చూశాడు. చూపు తిప్పుకోలేదు. నేను జారిన పోగు కొసలు ఏరి పట్టుకున్నాను. ఇది ఆయన చెప్పాల్సిన జవాబు.

"ఏమే, బెల్లం తెచ్చినవా?" అన్నాడు చివరికి.

కొంగు ముడి విప్పాను. "తెచ్చిన. చిన్న ముక్కనే."

"పెద్ద ముక్క నువ్వెన్నడిచ్చినవ్."

పక్కాయన నవ్వాడు. "వదినె చెయ్యి మస్తు పొదుపన్నా."

"నా చెయ్యి సంగతి నీకెందుకు? నీ సాంచల పోగు తెగింది, సూస్కో."

ఆయన బెల్లం చప్పరిస్తూ బూడిదలో వేళ్లు ముంచాడు. రెండు కొసలూ కలిపి నేను బిగించి పట్టుకుంటే, ఆయన మెలి పెట్టడం మాత్రం చేశాడు. ఒక పూట పని రెండు పూటలు పట్టింది. సేటు సణిగాడు. సణగనీ. సాంచా నడిచాక అతుకులన్నీ ఒక్కటీ విడకుండా ముందుకు సాగాయి. ఆయన చేతులు దులుపుకుని, వాటి వంక కాసేపు చూసుకున్నాడు. సంచి వైపు చూడలేదు.

ఈ పొద్దున కూడా ఆయన చేతిలో చాయ తొణికింది. తుడిచేశాను. బెల్లం డబ్బాను డ్రమ్ములోంచి తీసి గూట్లో పెట్టాను. మూత మాత్రం ఆయన చేతికి రానంత గట్టిగా బిగించాను. కావాలంటే నన్ను అడగాలి.