ఎండలో సగం చంద్రకాంతలకు

మా పెరట్లో ఎండంతా చేపలదే. నౌపడ అవతల, సముద్రం ఒడ్డున మా ఊరు. అమ్మ రేవులో చేపలు కొని ఊళ్లమ్మట అమ్మేది, అమ్ముడుపోనివి పెరట్లో ఎండబెట్టేది. టీచరుద్యోగం వచ్చాక నాకు ఆ కంపు మరీ పడేది కాదు. స్కూలుకు కట్టుకెళ్లే చీరలకు కూడా పట్టేది. పోట్లాడి ఎండలో సగం తీసుకుని ఏటా చంద్రకాంత విత్తనాలు వేసేదాన్ని. సాయంత్రం అవి విచ్చుకున్నాక కాసేపైనా మనిషిలా ఊపిరి పీల్చుకునేదాన్ని.

"నీ పువ్వులు కూడెడతాయేటే" అనేది అమ్మ.

ఆమధ్య జ్వరం వచ్చి తగ్గాక అమ్మకు వాసన తెలియకుండా పోయింది. చేపను ముక్కు దగ్గర పెట్టుకుని నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పే మనిషి, రేవుకు వెళ్లడమే మానేసింది. రోజూ ఏదో ఒక వాసన చూస్తుండమన్నాడు డాక్టరు. దాంతో సాయంత్రమయ్యేసరికి నా మొక్కలకు వీపు పెట్టి, పెరటి సందులోకి చూస్తూ పీట మీద కూర్చునేది. వాసన ఇక రాదేమోనని నాకు భయం. పైకి మాత్రం విసుక్కునేదాన్ని.

నెల తిరక్కుండానే ఒక సాయంత్రం, "పువ్వుల వాసన వస్తందే" అంది. "రేపు రేవుకెల్తాను."

నేను మొక్కల వైపు చూశాను. పక్కింటి పెళ్లికూతురి జడకని మధ్యాహ్నమే మొగ్గలన్నీ కోసి ఇచ్చేశాను. చంద్రకాంతలకు దారం అక్కర్లేదు, వాటి పొడుగు కాడలతోనే అల్లేస్తారు. మొక్కల మీద ఒక్క పువ్వు లేదు. ఆ సంగతి అమ్మకు తెలియదు.

"సరేలే, ఎల్దువులే" అన్నాను. లోపలికి వెళ్లి కాసేపు ఏడ్చాను.

తెల్లవారి తను గంప తీసుకుంటే నేనూ చెప్పులేసుకున్నాను.

"నువ్వెందుకే? నీకు కంపు కదా."

"ఊరికే."

రేవులో అమ్మ ఒక కానాగంత తీసింది. మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగానే ఉంది కానీ, ఐసులో పెట్టినవీ ఒక్కోసారి అలాగే ఉంటాయి. ముక్కు దాకా తెచ్చుకుని ఆగింది. తర్వాత నా మొహం చూడకుండా ఆ చేపను నా ముక్కు కింద పెట్టింది.

గట్టిగా వాసన పీల్చాను.

"ఇయ్యాల్టిదేనమ్మా, కొనుక్కో" అన్నాను.