తోక బండి మాస్టారు

నిన్న సాయంత్రం డాబా మీద గుడారం సంచి విప్పాను. విప్పగానే ఆ వాసన వచ్చింది. తడి మట్టి, పుల్లల పొగ, వాటి అడుగున కాస్త పెట్రోలు. ఎన్నిసార్లు ఎండేసినా ఈ గుడ్డకు పట్టిన కొల్లేటి వాసన పోదు. పోకపోతేనే నయం. గూడెం టౌన్లో మా వీధిలో బియ్యం లారీల మోత తగ్గేదాకా దాని పక్కనే కూర్చుండిపోయాను. ఈ శనివారం మళ్ళీ మా మోటారుసైకిళ్ళ ర్యాలీ. ఆనందరావు మాస్టారు లేకుండా వెళ్ళడం ఇదే మొదటిసారి.

మాస్టారు ఏలూరులో ఒక హైస్కూల్లో డ్రిల్లు నేర్పేవారు. మా వారు రామకృష్ణ ఆయన శిష్యుడు. రిటైరయ్యాక మాస్టారు పాత శిష్యులను పోగుచేసి, ఏటా చలికాలంలో కొల్లేటి ఒడ్డున జరిగే ర్యాలీకి తీసుకెళ్ళేవారు. చుట్టుపక్కల జిల్లాల నుంచి బండ్లు వస్తాయి. శనివారం చేరుకుని ఒక మెరక మీద గుడారాలు వేసుకుంటారు, చేపల పులుసు వండుకుంటారు, ఆదివారం ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు. అంతకుమించి అందులో ఏమీ లేదు. "మెత్తటి పరుపు ఇంట్లో పెట్టుకుని దోమల చేత కుట్టించుకోవడానికి పోతున్నారు" అని నేను వెక్కిరించేదాన్ని. "ఒక్కసారి రా, తెలుస్తుంది" అనేవారు మా వారు. నేను వెళ్ళలేదు.

ఒక ఏడు ఆయన కూడా అక్కడికి చేరలేదు. తెల్లారాక కూడా మంచు విడవలేదట. అందరూ లైట్లు వేసుకుని వరసగా వెళ్తున్నారు. ముందు మాస్టారు, చివర మా వారు. చేపల చెరువుల మధ్య ఒక మలుపులో మా వారి బండి జారి పంటకాలువ గట్టు కింద పడింది. ఆ చప్పుడు ఎవరికీ వినబడలేదు. పొలానికి వెళ్తున్న రైతు ఒకాయన చూసేసరికి చాలాసేపయింది. "కాస్త ముందు తెచ్చి ఉంటే బతికేవారండీ" అన్నారు ఆసుపత్రిలో. ఆ మాట అన్నవాళ్ళు అని వెళ్ళిపోయారు. నేను మాత్రం దానితోనే తిన్నాను, దానితోనే పడుకున్నాను. వెనకాల ఒక్కరుంటే చాలు కదా. ఒక్కరంటే ఒక్కరు.

కర్మలన్నీ అయ్యాక మాస్టారు మా ఇంటికి వచ్చారు. గుమ్మంలో నిలబడి చెప్పులు విడిచారు. నేను కూర్చోమనలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. మా గోదావరి వైపు గుమ్మం తొక్కిన పగవాడికైనా మంచినీళ్ళు ఇస్తాం. నేను ఇవ్వలేదు.

"అమ్మా, తప్పు నాదే. అది నీకు చెప్పి వెళ్దామని వచ్చాను" అన్నారు ఆయన.

"ఎలా వదిలేశారండీ మా ఆయన్ని? ఒక్కసారి వెనక్కి చూసుకోలేదా?"

"చూశానమ్మా. అద్దంలో దీపాలు లెక్కపెట్టుకున్నాను. లెక్క సరిపోయింది." ఆయన విడిచిన చెప్పుల వైపు చూశారు. మళ్ళీ ఆయనే అన్నారు. "పాలకేంద్రానికి వెళ్ళే అబ్బాయి ఎవరో మధ్యలో మా వరసలో కలిశాడు. ఆ దీపం మనది కాదు. మనదే అనుకున్నాను."

నేను లోపలికి వెళ్ళి తలుపు వేసేసుకున్నాను. ఆయన చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డారని తర్వాత మా అత్తగారు చెప్పారు.

మళ్ళీ చలికాలం దగ్గరపడుతుండగా రెండోసారి వచ్చారు. ఈసారి గుంపుకు కొత్త పద్ధతి పెట్టారట. ప్రతి మలుపు దగ్గరా ఒకరు ఆగిపోవాలి. చివరి బండి వచ్చి విజిల్ ఊదేదాకా అక్కడి నుంచి కదలకూడదు. ఎండయినా వానయినా అంతే. ఆ చివరి బండిని తోక బండి అంటారు. ఇకనుంచి తోక బండి తనదేనని, బతికినంతకాలం ముందు నడవనని చెప్పారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమండీ?" అన్నాను.

ఆయన కోపగించుకోలేదు. "నావి కాలాయమ్మా. మిగతావాళ్ళ చేతులు కాలకుండా ఆకులు పట్టుకుని తిరుగుతున్నాను" అన్నారు.

పెరట్లో రేకుల కింద మా వారి బుల్లెట్ దుమ్ము కొట్టుకుపోయి ఉంది. రోజూ ఆఫీసుకు వెళ్తూ దాన్ని చూడకుండా తల తిప్పుకునేదాన్ని. ఆ రోజు ఎందుకో దాని వైపు చూస్తూ, చాలాకాలంగా లోపల పెట్టుకున్నది పైకి అనేశాను. ఆయన చేరుకోలేకపోయిన ఆ గుడారాల దగ్గరికి, ఆయన బండి మీదే, నేను వెళ్ళాలి. ఇంకెవరి వెనకాలో కూర్చుని కాదు. నడుపుకుంటూ వెళ్ళాలి. అది జరిగితే తప్ప ఆ దారి నా గుండెల్లో తెగదు.

"స్కూటర్ తప్ప ఇంకేం రాదు నాకు" అన్నాను.

"నేర్చుకుందాం. నా మీద కోపం మాత్రం తగ్గించుకోకు. అది ఉంటే తొందరగా వస్తుంది బండి" అన్నారు మాస్టారు.

నిజంగానే కోపంతోనే నేర్చుకున్నాను. ఆదివారాలు పొద్దున్నే ఆయన ఏలూరు నుంచి వచ్చేవారు. చర్చికి ఆలస్యమవుతుందని మార్తమ్మగారు, అంటే ఆయన భార్య, సణిగేవారట. పెంటపాడు వైపు కాలువ రోడ్డు మీద నేను ముందు, ఆయన వెనక. ఆ బండి బరువుకు నా భుజాలు పీకేసేవి. ఆగిపోయిన ప్రతిసారీ నేను దాని హ్యాండిల్ పట్టుకుని ఏదో గొణుక్కునేదాన్ని. "బండిని బతిమాలకమ్మా, నడుపు" అని వెనకనుంచి వినపడేది. ఒక్కసారి కూడా నన్ను దాటి ముందుకు రాలేదు. ఎలా నడపాలో ముందు నడిపి చూపిస్తే సరిపోతుంది కదా అని విసుక్కుంటే, "ముందుంటే నువ్వు నాకు కనబడవు" అన్నారు. అంతే.

ఆ చలికాలం ర్యాలీకి బయలుదేరాను. ఏలూరు దాటి చెరువుల మధ్య దారిలో పడ్డాక మిగిలినవాళ్ళంతా ముందుకు వెళ్ళిపోయారు. ఎటు చూసినా నీళ్ళు, నీళ్ళలో తిరుగుతూ గాలి పట్టించే ఏరేటర్ల చప్పుడు, చేపల మేత వాసన. అందరికన్నా నెమ్మది నేనే. సిగ్గేసింది. ఆ మలుపు వచ్చింది. ఎవరూ చెప్పకుండానే తెలిసింది. చేతులు బిగుసుకుపోయాయి, బండి ఆగిపోయి బురదలోకి ఒరిగింది. నేను దాని పక్కనే కూలబడ్డాను. మాస్టారు తన బండి ఆపి దిగారు. లేపుతారనుకున్నాను. లేపలేదు, ఓదార్చలేదు. గట్టు మీద నిలబడి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. నేను ఏడ్చినంతసేపూ అలాగే ఉన్నారు.

చివరికి, "మాస్టారండీ, మీరు వెళ్ళండి. అందరూ ఎదురుచూస్తుంటారు" అన్నాను.

"చూడనీ. నేను నీ వెనకాల రావాలి. నువ్వు కదిలితేనే నేను కదిలేది."

ఇద్దరం కలిసి బండి లేపాం. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ ఒకరు నిలబడి ఉన్నారు. ఒకతను ఎండకు తలమీద తువ్వాలు కప్పుకున్నాడు, ఇంకొకతను తుమ్మ కింద బండి మీదే కునుకు తీస్తున్నాడు. ఎవరూ స్థలం వదల్లేదు. నేను దాటగానే వెనకాల విజిల్ మోగేది, వాళ్ళు మా ముందుకు కదిలేవారు. ఇంతమంది నా కోసం నిలబడ్డారని చూసుకుంటూ వెళ్ళడం ఎలా ఉంటుందో అంతకుముందు నాకు తెలియదు. మెరక చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. ఎక్కడెక్కడినుంచో వచ్చిన బండ్లు, రంగురంగుల గుడారాలు. మా గుంపు పొయ్యి పక్కన పులుసు కుండ దించి పెట్టి ఉంది. దాని మూత ఎవరూ తీయలేదు. తోక బండి వచ్చేదాకా మూత తీయకూడదన్నది కూడా ఆ పద్ధతిలో భాగమేనట. ఆకలితో మొహాలు వాడిపోయి ఉన్నాయి గానీ ఒక్కరూ ఎందుకింత ఆలస్యమని అడగలేదు.

మా వారి గుడారం నేనే వేశాను. ఎదురుగా కొల్లేటిలో గూడబాతులు నీళ్ళమీద దిగుతున్నాయి. ఇదన్నమాట ఆయన చూడమన్నది. కళ్ళనిండా చూశాను. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి గరిటె అందుకున్నాను.

"కూర్చోండి మాస్టారండీ, వడ్డిస్తాను" అన్నాను. ముందు మంచినీళ్ళ గ్లాసు ఆయన చేతికిచ్చాను.

ఆయన ఆ గ్లాసు వైపు కాసేపు చూసి, మొత్తం తాగేశారు. కళ్ళు తుడుచుకుని, "పులుసులో కారం ఎక్కువేసినట్టున్నారర్రా" అన్నారు. ఆయన ఇంకా ముద్ద కూడా నోట్లో పెట్టుకోలేదు. మా ఇద్దరి మధ్య క్షమాపణ అనే మాట ఆ రోజు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. నాకు అవసరం కనబడలేదు.

ఆ తర్వాత ఏటా వెళ్ళాం. ఏటా ఆయనే తోక బండి. కిందటి వేసవిలో గుండెపోటుతో నిద్రలోనే పోయారు. చర్చిలో ప్రార్థన ముగిశాక మార్తమ్మగారు నన్ను పక్కకు పిలిచి ఆయన విజిల్ నా చేతిలో పెట్టారు. "వీళ్ళంతా మలుపుల్లో నిలబడతామంటున్నారమ్మా. వెనకాల ఎవరో ఒకరు రావాలి కదా" అన్నారు.

పూలు కట్టిన వ్యాను ముందు కదిలింది. అందరికీ వెనక వచ్చే మనిషి ఆ రోజు అందరికన్నా ముందు వెళ్ళారు. నేను మా వారి బండి మీద చివర బయలుదేరాను. మొదటి మలుపు దగ్గర మా గుంపులోని దెందులూరు ప్రసాద్ నిలబడి ఉన్నాడు. వ్యాను దాటిపోయింది, బండ్లన్నీ దాటిపోయాయి, నేను వచ్చి ఆగాను. అతను కదల్లేదు. నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. విజిల్ నోట్లో పెట్టుకున్నాను, ఊపిరి రాలేదు. వెనకాల బస్సువాడు హారన్ కొడుతున్నాడు.

"ఊదండక్కా. మీరు ఊదితేనే నేను కదిలేది" అన్నాడు ప్రసాద్.

ఊదాను. సన్నగా, వంకరగా వచ్చింది. అయినా అతను కళ్ళు తుడుచుకుని బండి తీశాడు. సమాధుల తోట చేరేదాకా ప్రతి మలుపులోనూ ఊదుతూనే వెళ్ళాను. ఒక్కరినీ వదల్లేదు. మేమంతా చేరేదాకా మార్తమ్మగారు పెట్టె దించనివ్వలేదు.

గుడారం ఆరింది, మడతపెట్టాను. శనివారం మావాళ్ళు ముందు వెళ్తారు, నేను వెనకాల వెళ్తాను. మా వారు, మాస్టారు నాకన్నా చాలా ముందు వెళ్ళిపోయారు. వాళ్ళను అందుకోవాలని ఒకప్పుడు ఎంత తొందరపడ్డానో నాకే తెలుసు. ఇప్పుడా తొందర లేదు. మలుపుల్లో నా కోసం మనుషులు నిలబడి ఉంటారు. వాళ్ళందరినీ పంపించాకే నేను రావాలి.